బస్సు చెడిపోలేదు

తనను చూసి ఎవరైనా లేచి నిలబడితే బాల్‌రాజ్‌కు ఒళ్లు మండిపోతోంది. పది రోజులుగా ఇదే వరస. పొద్దున్నే టీ తాగుదామని దశరథ్ హోటల్‌కు వెళితే, బెంచీ మీద కూర్చున్న నలుగురూ ఒకరినొకరు నెట్టుకుంటూ జరిగి చోటిస్తున్నారు. ఆ నలుగురే మొన్నమొన్నటి దాకా, "బస్సు బాల్‌రాజ్ వస్తుండు, సైడియ్యుండ్రిరా" అని ఇకిలించినవాళ్లు. దశరథ్ అయితే గ్లాసు రెండుసార్లు కడిగి, టీ పోసి, తనే తెచ్చి చేతికిస్తున్నాడు. వీడి హోటల్లో గ్లాసు ఒక్కసారి కడిగితేనే గొప్ప.

"తాగు బావా. ఇరువై ఏండ్లు నోరు మూసుకొని ఎట్ల మోసినవో ఏమో. మాతోనైతే కాకపోవు" అన్నాడు దశరథ్.

టీ గొంతులో అడ్డం పడింది. బాల్‌రాజ్ సగం గ్లాసు బెంచీ మీద పెట్టేసి లేచాడు. దానికీ ఒక అర్థం తీశారు. "చూసిన్రా, పొగిడితె కూసోడు. గంత నెమ్మదస్తుడు" అన్నారెవరో వెనక నుంచి. తేలు కుట్టిన దొంగ కుయ్యనూ లేడు, కయ్యనూ లేడు. బాల్‌రాజ్ పని అలాగే ఉంది.

ఇంతకూ జరిగిందేమిటంటే, మేనల్లుడు సందీప్ ఒక సినిమా తీశాడు.

ఆ సినిమా సంగతి కంటే ముందు ఊరి సంగతి చెప్పాలి. ఎర్రరాళ్లపల్లి కోట్‌పల్లికి ఆరు కిలోమీటర్లు. ఆ ఊరి చెరువుకు బాల్‌రాజ్ నీరటి. అంటే చెరువు నీళ్లను మడిమడికీ పంచేవాడు. చలికాలంలో యాసంగి వరి నాట్లకు మొదటిసారి తూము ఎత్తే రోజున నీరటికి ఒక పని ఎక్కువ ఉండేది. తూము కింద, కాలువ పక్కన, చదునైన నేల ఒకటి ఉంది. సొంత భూమి లేక కౌలుకు చేసుకునే వాళ్లంతా కోసిన కంది అక్కడే కుప్ప వేసుకునేవాళ్లు. ఏడాదికి మొదటిసారి వదిలే నీళ్లు పూడిపోయిన కాలువలో పట్టక ఆ నేల మీదికి పొర్లేవి. అందుకని నీరటి ముందు కిందికి వెళ్లి మూడు చుట్లు డప్పు కొట్టాలి. కుప్పలు తీసేశాక కట్ట ఎక్కి ఎర్ర తువ్వాల ఊపాలి. అది చూసి, పైన తూము దగ్గర కూర్చున్న, చెరువు లెక్కలు రాసే మునిషీ కరీముద్దీన్ తూము లేపే మర తిప్పాలి. ఫలానా రోజు నీళ్లు వదులుతామని ముందే చెప్పొచ్చు కదా అంటే, చెప్పేవాళ్లే. కానీ ఆ తేదీ ఏనాడూ నిలిచిన పాపాన పోలేదు. ఇవాళ అంటే ఎల్లుండి, ఎల్లుండి అంటే వచ్చే ఆదివారం. అందుకే కిందివాళ్లు తేదీని నమ్మేవాళ్లు కాదు, డప్పును నమ్మేవాళ్లు.

ఇరవై ఏళ్ల కిందట ఒక జనవరిలో డప్పు మోగలేదు, తువ్వాల ఊగలేదు. అయినా మూడు గంటలకు తూము లేచింది. పక్క కుప్పలవాళ్లు అంతకు రెండు రోజుల ముందే గింజ కొట్టుకుని పోయారు. మిగిలిందల్లా జంగమ్మది. నాలుగెకరాల కౌలు కంది, ఏడాది కష్టం, కళ్ల ముందే బురదలో కలిసిపోయింది. ఆ నెలలోనే జంగమ్మ, మొగుడు యాకోబు మూటాముల్లె కట్టుకుని తాండూరు వెళ్లి, నాపరాళ్లు పాలిష్ పట్టే చోట కూలికి చేరారు. ఏడో తరగతి చదువుతున్న కూతురు అనసూజ బడి మానేసి వాళ్లతోపాటు బండలు కడిగింది.

పంచాయతీ కూర్చున్నప్పుడు బాల్‌రాజ్ ఒక్కటే మాట అన్నాడు. "డప్పు తోలు కోసం తాండూరు పోయిన. వచ్చేటప్పుడు బస్సు చెడిపోయింది."

కరీముద్దీన్ కూడా ఒక్కటే మాట అన్నాడు. "తువ్వాల చూడకుండ మర తిప్పిన. తప్పు నాదే."

తప్పు నాదే అన్నవాడిని ఊరు నెల రోజుల్లో మరిచిపోయింది. బస్సు మీద నెపం వేసినవాడిని మాత్రం మరవలేదు. ఆ రోజు నుంచి బాల్‌రాజ్ పేరు ముందు బస్సు వచ్చి చేరింది. పెళ్లికి పోతే "బస్సు దొరికిందా", చావుకు పోతే "బస్సు లేటయిందా". పిల్లలు కూడా వదల్లేదు. పడ్డాడు. పడటం న్యాయమే కాబట్టి నోరెత్తకుండా పడ్డాడు.

ఇక సందీప్. చెల్లెలు ఈశ్వరమ్మ కొడుకు. వికారాబాద్‌లో స్టూడియో పెట్టి పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. పెళ్లికి ముందు జంటలను అనంతగిరి గుట్టల మీద పరుగెత్తించేది కూడా వాడే. వాడికి సినిమా పిచ్చి. మామ మీద పడిన నిందను కడిగిపారేస్తానని నలభై నిమిషాల సినిమా ఒకటి తీశాడు. మొదటి అరగంటా అందులోని నీరటి పోకిరి, తాగుబోతు, పనిదొంగ. మునిషీ మాత్రం పండుగడ్డం, చంకలో గొడుగు, పేదల పక్షపాతి, మాట్లాడితే తేనె కారుతుంది. ఆఖరి పది నిమిషాల్లో కథ తలకిందులవుతుంది. తాండూరు రోడ్డు మీద బస్సు డ్రైవర్ చేతిలో ఎవరో ఏదో పెడతారు. బస్సు ఆగిపోతుంది. నీరటి డప్పు భుజాన వేసుకుని ఎండలో పరుగెత్తుకుంటూ వస్తుంటాడు. ఇక్కడ మునిషీ, కింద కుప్ప ఉందని తెలిసీ, ఇటుకబట్టీకి ఆ నేల ఖాళీ కావాలని, నవ్వుకుంటూ మర తిప్పుతాడు. బస్సును ఆపిన చెయ్యి ఎవరిదో అప్పుడు చూపిస్తారు. చంకలో గొడుగు ఉంటుంది. అది తెలిసీ, ముసలాయన పరువు పోకూడదని నీరటి నింద తనే మోస్తాడు.

బడి ముందర తెర కట్టి వేశారు. ఆడవాళ్లు ఏడ్చారు. మగవాళ్లు ఈలలు వేశారు. తెల్లారేసరికి చుట్టుపక్కల యాలాల్ దాకా ఫోన్లలో అదే.

సినిమాలో మునిషీకి పేరు లేదు. ఊళ్లో అలాంటి గడ్డం, అలాంటి గొడుగు ఉన్న మనిషి మాత్రం ఒక్కడే ఉన్నాడు.

దశరథ్ హోటల్ నుంచి బాల్‌రాజ్ నేరుగా కరీముద్దీన్ పిండిగిర్నికి వెళ్లాడు. మునిషీగిరీ పోయాక ముసలాయన బతుకుదెరువు ఆ గిర్నే. పొద్దున పూట అక్కడ ఎప్పుడూ జొన్నల గిన్నెలు వరసగా ఉండేవి. ఇవాళ ఒక్కటీ లేదు. బెల్టు వేలాడుతోంది. జనం ఆరు కిలోమీటర్లు కోట్‌పల్లికి పోయి మరీ పిండి పట్టించుకుంటున్నారు.

గుమ్మంలో కూర్చున్న అలీమాబీ, కరీముద్దీన్ భార్య, తలెత్తి చూసింది.

"హీరో వచ్చిండు. కుర్సీ ఎయ్యుండ్రి" అంది లోపలికి వినపడేలా.

"చాచీ, నన్ను చెప్పు తీస్కొని కొట్టు. గట్ల మాట్లాడకు."

"నేనెందుకు కొడ్త? మా తరన్నుమ్ తాండూర్ల కాలేజికి పోతే, 'మీ తాత ఇటుకబట్టి ఏడ పెట్టిండు' అని అడుగుతున్నరంట పోరగాళ్లు. మూడు రోజులాయె, కాలేజికి పోత లేదు. దాన్ని కొట్టాల్నా, నిన్ను కొట్టాల్నా?"

లోపలి నుంచి కరీముద్దీన్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. డెబ్భై ఆరేళ్ల మనిషి. పట్టడానికి జొన్నలు లేకపోయినా గిర్నిరాయి తుడుస్తున్నాడు కాబోలు, గడ్డమంతా దుమ్ము.

"చూసిన బాల్‌రాజ్, నీ సినిమా. తరన్నుమ్ ఫోన్ల చూపించింది. ఆ మునిషీ మస్తు చేసిండు. వాని మీద నాకే కోపమొచ్చింది" అని నవ్వాడు.

"నవ్వకు చాచా. నాకు గుండె మండుతుంది."

"నవ్వకుంటె ఏం చెయ్యాలె? ఇంటింటికి పోయి నేను మంచోన్ని అని చెప్పాల్నా? మర తిప్పింది నిజమే గద. రైతులందరు మీద నిలవడ్డరు, తిప్పు తిప్పు అని. బాల్‌రాజ్ ఎన్నడు తప్పలే, కొట్టే ఉంటడు అనుకున్న. తిప్పిన."

"నేనేడున్ననో నీకు తెల్సు. ఆ రోజు పొద్దుగూకినంక నీకు చెప్పి ఏడ్చిన. పంచాయతీల ఎందుకు చెప్పలే?"

కరీముద్దీన్ నవ్వు ఆపాడు. "అది నువ్వు చెప్పేది, నేను చెప్పేది కాదు. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని చూసిన. ఇరువై ఏండ్లు చూసిన."

బాల్‌రాజ్ గుమ్మం పక్కనే చతికిలబడ్డాడు.

ఆ రోజు అతను సినిమాహాల్లో ఉన్నాడు. ఉన్న నిజం అంతే. తోలు కొనుక్కున్నాక బస్సుకు ఇంకా టైముందని పొద్దున ఆటకు వెళ్లాడు. సినిమాలో ఊరందరికీ దేవుడిలాంటి డాక్టర్ ఒకడు, అందరూ అసహ్యించుకునే కుంటివాడు ఒకడు. పసిపిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాయమవుతుంటారు. విశ్రాంతి వేళకు అనుమానమంతా కుంటివాడి మీదే. పావు తక్కువ ఒంటిగంటకు కోట్‌పల్లి బస్సు. దాన్ని పట్టుకుంటే రెండింటికల్లా తూము కింద డప్పు మోగేది. బాల్‌రాజ్ లేచాడు కూడా. గేటు దాకా వచ్చాడు. గేటు దగ్గరి మనిషి సోడా తాగుతూ, "ఇప్పుడు పోతె ఏమున్నది, అసలోడు ఎవడో ఆఖరుకు గద తెలిసేది" అన్నాడు. ఆ మాట అంటుకుంది. వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆఖరికి పిల్లలను ఎత్తుకుపోయింది ఆ దేవుడిలాంటి డాక్టరే అని, కుంటివాడు వాళ్లను దాచి కాపాడుతున్నాడని తేలింది. హాలంతా చప్పట్లు. బాల్‌రాజ్ కూడా కొట్టాడు. ఆ మైకంలో బయటికి వచ్చి, రోడ్డు దాకా నడిచాక గుర్తొచ్చింది, చుట్టిన తోలు కుర్చీ కింద మరిచిపోయానని. ఆ తర్వాత గుర్తొచ్చింది తూము. తరువాతి బస్సు నాలుగింటికి. అది ఠంచనుగా వచ్చింది, ఎక్కడా చెడిపోలేదు.

ఒక అబద్ధం. భయంతో నోట్లోంచి జారిన రెండు ముక్కలు. వాటిని ఇరవై ఏళ్లు ఎవరూ నమ్మకుండా వెక్కిరిస్తుంటే ఒక రకంగా బాగానే ఉండేది. ఇప్పుడు ఊరంతా నమ్మి కూర్చుంది. అదీ బాధ.

"చెప్త చాచా. ఇయ్యాలనే వాని సంగతి చూస్త" అని లేచాడు.

"ఎవని సంగతి?" అంది అలీమాబీ. బాల్‌రాజ్ అప్పటికే వికారాబాద్ బస్సు ఎక్కడానికి బయల్దేరాడు.

సందీప్ స్టూడియో స్టేషన్ రోడ్డులో మెట్ల మీద ఉంది. వాడు కంప్యూటర్ ముందు కూర్చుని, అనంతగిరి పొగమంచులో ఒక పిల్లా పిల్లాడూ చేతులు పట్టుకుని నడిచే బొమ్మను ముందుకూ వెనక్కూ తిప్పుతున్నాడు.

"మామా! నేనే ఫోన్ చేద్దామనుకున్న. రెండు లక్షల మంది చూసిన్రు."

"తీసెయ్."

"ఏందీ?"

"సినిమా తీసెయ్‌రా. కరీం చాచ గిర్ని బందయింది. ఆయన మనుమరాలు కాలేజి బందు పెట్టింది."

సందీప్ కుర్చీ ఇటు తిప్పాడు. వాడి మొహంలో కోపం లేదు, ఓపిక ఉంది. అది చూస్తే బాల్‌రాజ్‌కు ఇంకా మండింది.

"మామా, సినిమాల ఆయన పేరే లేదు. ఇంకోటి, నేను చెప్పిందేంది? కంటికి కనవడ్డదంత నిజం కాదు, తొందరపడి ఎవల్నీ మంచోడు, చెడ్డోడు అనొద్దు. గదే గద పాయింట్."

"నువ్వు చేసింది గది కాదు. నా మీదున్న బురద తీసి ఇంకొకని మీద పోసినవ్. ఇరువై ఏండ్లు నన్ను తొందరపడి అన్నరు. ఇప్పుడు ఆయనను తొందరపడి అంటున్నరు. ఏం మారిందిరా?"

"మరి ట్విస్ట్ లేకుంటె ఎవడు చూస్తడు? ఆలోచించు. బస్సు చెడిపోయిందని నువ్వు చెప్పినవ్. తప్పు నాదే అని ఆయన చెప్పిండు. రెండు కలిపి చూడు. ఊకెనే ఎవడైనా తప్పు నాదంటడా?"

బాల్‌రాజ్ నెత్తి కొట్టుకున్నాడు. తప్పు నాదే అనే మనిషి లోకంలో ఉంటాడని వీడి బుర్రకు తట్టలేదు. ఉంటే ఏదో కుట్ర ఉండాలి. వీడిని అనేదేముంది, ఆ కుట్రకు విత్తనం వేసింది తనే.

"బస్సు చెడిపోలేదురా" అన్నాడు.

"అవ్, ఆపించిన్రు గద."

"ఆపించలే, చెడిపోలే. నేను సినిమా చూస్కుంట కూసున్న."

మొత్తం చెప్పాడు. డాక్టర్, కుంటివాడు, సోడా తాగిన గేటు మనిషి, కుర్చీ కింద తోలు. ఇరవై ఏళ్లలో కరీముద్దీన్‌కు తప్ప ఎవరికీ చెప్పని సంగతి. చెప్పడం అయ్యాక తల దించుకుని కూర్చున్నాడు. తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండు అనుకున్నాడు.

సందీప్ తెర మీద నడుస్తున్న జంటను ఆపేశాడు. తర్వాత, "దీన్ల కథేమున్నది మామా? నువ్వు మంచోనివి కాదు, చెడ్డోనివి కాదు. ఉత్తగ సినిమా చూసినవ్" అన్నాడు నీరసంగా. అంతలోనే వాడి కళ్లు వెలిగాయి. కుర్చీలోంచి లేచాడు. "ఆగాగు. సినిమా ట్విస్ట్ కోసం ఆగి కంది ముంచినవ్. మామా, గిదే అసలు ట్విస్ట్! పార్ట్ టూ చేద్దాం. నువ్వే యాక్ట్ చెయ్యి!"

బాల్‌రాజ్ చెయ్యి లేచింది. చెల్లెలి కొడుకని దించుకున్నాడు.

"పార్ట్ టూ తర్వాత చూద్దాం గని" సందీప్ తన ధోరణిలోనే ఉన్నాడు, "ఆదివారం తాండూర్ల బండల పనివాళ్లకు సినిమా ఏస్తున్న. నీకు సన్మానం. ఎవలు కప్పుతున్నరో తెల్సా శాలువ? జంగమ్మ. నేనే పోయి ఒప్పించిన. సినిమా చూసి గంట ఏడ్చిందామె. నీ కాళ్లు మొక్కాలె అన్నది."

మెట్లు ఎలా దిగాడో బాల్‌రాజ్‌కు తెలియదు. జంగమ్మ తన కాళ్లు మొక్కడమంటే అంతకంటే ఘోరం ఇంకొకటి ఉండదు. ఆమె తిట్లు ఇరవై ఏళ్లు తిన్నాడు, అరిగించుకున్నాడు. ఆమె దండం మాత్రం అరగదు. ఆదివారం లోపల, ఆమె నలుగురిలో శాలువా పట్టుకుని నిలబడక ముందే, నిజం చెప్పి తీరాలి.

శనివారమే తాండూరు వెళ్లాడు. బండల పనివాళ్లు ఉండే బస్తీ, చెట్ల ఆకుల మీద కూడా తెల్లటి రాతిదుమ్ము. జంగమ్మ ఇంటి ముందు నాపరాయి అరుగు. యాకోబు పోయి మూడేళ్లయింది. ఇప్పుడు కూతురు అనసూజ, ఆమె పిల్లలు, అందరూ ఒకే చోట ఉంటున్నారు.

జంగమ్మ అతన్ని చూడగానే కొంగు కళ్లకు అడ్డం పెట్టుకుంది.

"రా తమ్మీ. రేపటిదాక ఆగలేక ఇయ్యాలనే వచ్చినవా? నిన్ను తిట్టని రోజు లేదురా నేను. బండ మీద నీళ్లు పోసినప్పుడల్ల, వాని చెయ్యి పడిపోను అనుకున్న. నాకు పాపం తగుల్తది." వంగబోయింది.

బాల్‌రాజ్ రెండడుగులు వెనక్కి వేశాడు. "అక్కా, మొక్కకు. బస్సు చెడిపోలే."

"తెల్సు. ఆ ముసలోడు ఆపించిండు."

"ఎవ్వడు ఆపలే. కరీం చాచ ఏం చెయ్యలే. బస్సు టైంకు వచ్చింది, టైంకు పోయింది. నేనే ఎక్కలే."

జంగమ్మ అతని ముఖంలోకి చూసింది. మెల్లగా నవ్వింది. ఎంతో ప్రేమగా నవ్వింది.

"గిప్పటికి ఆయనను కాపాడుతున్నవా? ముసలోడు బద్నాం అయితుండని నువ్వు మీదేసుకుంటున్నవ్. సినిమాల గూడ గట్లనే చూపెట్టిండు నీ అల్లుడు. గంత మంచి గుణం నీది."

గోడకేసి తల బాదుకోవాలనిపించింది. అబద్ధం చెబితే ఎవడూ నమ్మలేదు. నిజం చెబితే మంచితనం అంటున్నారు. ఆ నలభై నిమిషాల సినిమా తన చుట్టూ గోడ కట్టేసింది. లోపలి నుంచి ఎంత అరిచినా బయటికి వేరేగా వినిపిస్తోంది.

"మంచి గుణం కాదక్కా!" గొంతు పగిలేలా అరిచాడు. "నేను సినిమాకు పోయిన. నీ కుప్ప మునిగేటప్పటికి నేను తాండూర్ల తిరుగుతున్న. సినిమాల ఆఖరుకు ఏమైతదో చూడాల్నని ఆగిన."

లోపల రొట్టెలు చేస్తున్న అనసూజ చప్పుడు ఆగింది. ఆమె గుమ్మంలోకి వచ్చింది. ముప్పై రెండేళ్లు ఉంటాయి. చేతులకు జొన్నపిండి.

"ఏం సినిమా?" అని అడిగింది.

చెప్పాడు. ఇద్దరినీ చూడకుండా, అరుగును చూస్తూ, కథంతా చెప్పాడు. డాక్టర్ మంచివాడనుకుంటే కాదని తేలిన సంగతి కూడా చెప్పాడు. ఎందుకు చెబుతున్నాడో తనకే అర్థం కాలేదు. అంత వివరంగా అబద్ధం ఎవరూ అల్లలేరని వాళ్లకు తెలియాలని కాబోలు.

"మంచిగుండెనా?" అంది అనసూజ.

"మంచిగుండె బిడ్డా."

ఆమె లోపలికి వెళ్లిపోయింది. రొట్టె కొట్టే చప్పుడు మళ్లీ మొదలైంది, ఇందాకటి కంటే గట్టిగా.

జంగమ్మ ముఖంలో నవ్వు ఎప్పుడు పోయిందో తెలియదు. "నడుమ ఆపుతరు గద సినిమా. అప్పుడు బస్సుండెనా?" అంది.

"ఉండె."

"ఎక్కితె అందుకుందువా?"

"అందుకుందును."

ఆమె అరుగు మీద పెట్టిన కొత్త శాలువాను చూసింది. ఎర్రది, అట్ట కూడా విప్పలేదు. తీసుకుని ఒళ్లో పెట్టుకుంది.

"నాకెందుకు చెప్తున్నవ్ గిప్పుడు? నేను ముసలాయనను నోటికొచ్చినట్టు శాపం పెట్టిన ఈ పది దినాలు. నువ్వు చేసిందానికి ఆయనకు పెట్టిన. నాతోని పాపం చేయిపిచ్చినవ్ తమ్మీ." శాలువాను ఒళ్లోంచి తీసి పక్కన పెట్టింది. "నాకు చెప్పుడు కాదు నీ పని. నీ పని డప్పు కొట్టుడు. ఆ దినం కొట్టలే. పోయి కొట్టు."

ఆదివారం సందీప్ ఇరవై సార్లు ఫోన్ చేశాడు. బాల్‌రాజ్ తీయలేదు. సోమవారం పొద్దున అటక మీది డప్పు దించాడు. గడ్డి మంట వేసి తోలు కాచాడు. పాత తోలు, అయినా పలికింది. దశరథ్ హోటల్ దగ్గర మొదలుపెట్టాడు.

"ఊరోళ్లందరు వినుండ్రి! బస్సు చెడిపోలేదు! నీరటి బాల్‌రాజ్ సినిమా చూడవోయి డప్పు కొట్టలేదు! కరీముద్దీన్ సాబ్ ఏ తప్పు చెయ్యలేదు! ఇనుండ్రహో!"

జనం వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే ఫోన్లు పైకెత్తారు. "మామా, పార్ట్ టూనా? కెమెరా ఏడ పెట్టిన్రు?" అని ఒకడు. "కొద్దిగ ఇటు తిరుగు బాపూ" అని ఇంకొకడు. దశరథ్ హోటల్లోంచి బయటికి వచ్చి, కళ్లొత్తుకుంటూ, "చూడుండ్రి, ముసలోని కోసం నింద నెత్తినేసుకుంటుండు. సూర్యుడు పడమట పొడిసినా ఇసొంటోడు పుట్టడు" అన్నాడు.

"నోర్ముయ్ దశరథ్! నేను చెప్పేది చెవులకెక్కుతుందా నీకు?"

చప్పట్లు కొట్టారు. చుట్టూ తిరిగి రెండోసారి చాటాడు. మూడోసారి చాటాడు. గొంతు పోయింది, చేతులు పడిపోయాయి. పిల్లలు వెనక ఊరేగింపు కట్టారు. మూడో చుట్టు ముగిసేసరికి గిర్ని ముందుకు వచ్చి నిలబడ్డాడు. గుమ్మంలో కరీముద్దీన్, అలీమాబీ. ఆ పక్కన కిటికీలోంచి తరన్నుమ్. వాళ్లు వింటున్నారు. మిగతా ఊరు చూస్తోంది, వినడం లేదు.

అప్పుడే తాండూరు బస్సు వచ్చి ఆగింది. జంగమ్మ దిగింది. నెత్తి మీద జొన్నల సంచి. ఇరవై ఏళ్ల తర్వాత ఆమె ఆ ఊళ్లో అడుగు పెట్టడం. జనం పక్కకు జరిగారు. సినిమాలో కంది పోగొట్టుకుని ఏడ్చిన ఆడమనిషి నిజంగా వచ్చిందని ఫోన్లన్నీ ఆమె వైపు తిరిగాయి. నీరటి కాళ్లు మొక్కుతుందని చూస్తున్నారు. జంగమ్మ బాల్‌రాజ్ పక్క నుంచే, అక్కడ మనిషే లేనట్టు, నడిచి వెళ్లింది. గిర్ని గుమ్మం ముందు సంచి దించింది.

"సాబ్, జొన్నలు పట్టాలె" అంది.

"తాండూర్ల గిర్నీలు లేవా?" అన్నారెవరో మెల్లగా.

జంగమ్మ అటు తిరిగింది. "ఉన్నయి. నాకు ఈడ్నే పట్టియ్యాలె. వాడు డప్పు కొట్టి ఒర్రుతుండు గద, చెవులు లేవా మీకు? కంది పోయింది నాది. మీది కాదు."

ఒక్కొక్క ఫోనూ దిగింది. కరీముద్దీన్ సంచి లేపబోతే అలీమాబీ ముందే అందుకుంది. బెల్టు ఎక్కించారు. గిర్ని మోత మొదలైంది, వీధంతా నిండింది. పిండి బట్టలోంచి దుమ్ము లేస్తుంటే జంగమ్మ గుమ్మంలోనే చతికిలబడి కూర్చుంది. పట్టడం అయ్యేదాకా లేవలేదు. మధ్యలో కరీముద్దీన్‌తో ఏదో అంది. ఆయన చెయ్యి అడ్డంగా ఊపాడు. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

వెళ్లేటప్పుడు కూడా బాల్‌రాజ్ వైపు చూడలేదు.

ఎండ ఎక్కింది. డప్పు చంకలో పెట్టుకుని అతను దశరథ్ హోటల్‌కు వెళ్లాడు. బెంచీ మీద ఆ నలుగురే కూర్చుని ఉన్నారు. ఎవరూ జరగలేదు. దశరథ్ అటు తిరిగి, కడగని గ్లాసులో టీ పోసి, బల్ల మీద పెట్టాడు. బాల్‌రాజ్ నిలబడే తాగాడు. పద్నాలుగు రోజుల తర్వాత టీ గొంతులో అడ్డం పడకుండా దిగింది.

"ఓ సినిమా బాల్‌రాజ్" అన్నాడు దశరథ్ తలెత్తకుండా, "తాగినంక గ్లాసు కడిగి పెట్టు."

కడిగి పెట్టాడు.